"మీల్స్ రెడీ": టీకా తాత్పర్య సహితం

మూలం: మీల్స్ రెడీ.

అవతారిక: పగలు పన్నెండు కాకముందే భోజన హోటళ్ల గుమ్మాల పక్కన నిలబెట్టే నల్లపలక మీద సుద్దతో రాసి కనిపించే ఈ రెండు పదాల సూత్రానికి కర్త ఎవరో తెలియదు, వాక్యంలో క్రియ లేదు, అయినా ఆకలితో వచ్చినవాడికి అన్వయక్లేశం కలిగిన దాఖలా లేదు. ఆధారం లేనిదీ అవసరం లేనిదీ రాయనని సంస్కృత కావ్యాల వ్యాఖ్యాత కోలాచల మల్లినాథసూరి తన వ్యాఖ్యలకు నియమం పెట్టుకున్నాడు. ప్రస్తుత టీకాకారుడు అందులో మొదటి సగాన్ని మాత్రమే పాటించగలడు.

ప్రతిపదార్థం: మీల్స్ = అన్నమూ, దానికి అంగాలైన పప్పు, కూర, పచ్చడి, సాంబారు, చారు, పెరుగు, అప్పడమూ; రెడీ = వండి దించి, వడ్డనకు సిద్ధంగా ఉన్నవి. "అయి ఉన్నవి" అనే క్రియ అధ్యాహార్యం, అంటే చదివేవాడు పైనుంచి తెచ్చి కలుపుకోవలసినది.

టీక: "మీల్" అనే మాటకు పాత ఇంగ్లీషులో కొలత అనీ, నియమించిన వేళ అనీ అర్థాలుండేవి, కొంచెం కొంచెంగా అనే అర్థంలో నేటికీ వాడే "పీస్‌మీల్"లో ఆ కొలత మిగిలే ఉంది. ఏ వేళనైనా చెప్పే మాట క్రమంగా తిండివేళకూ, ఆ వేళకు తినే తిండికీ పరిమితమైంది. ఇలా విశాలమైన అర్థం గల పదం అందులోని ఒక భాగానికే పరిమితం కావడాన్ని భాషాశాస్త్రజ్ఞులు అర్థసంకోచం అంటారు. ఇంగ్లండులో అంతవరకే కుదించుకున్న ఆ పదం తెలుగుదేశానికి వచ్చాక మరింత కుదించుకుంది: ఒంటిగంటకు రెండు చపాతీలు తిని లేచినవాడు ఇంగ్లీషు నిఘంటువును బట్టి మీల్ ముగించినవాడే గాని, గల్లాపెట్టె దగ్గర మాత్రం మీల్స్ తిన్నవాడు కాడు. బిర్యానీలో ఉన్నదీ బియ్యమే అయినా సర్వరు "మీల్సా, బిర్యానీయా?" అని అడుగుతాడు కాబట్టి, ఈ రెండూ వేర్వేరు పదార్థాలని వాడుకే ప్రమాణంగా తేలుతోంది. చివరి "స్" బహువచన ప్రత్యయమన్న స్మృతి కూడా లోపించినందువల్ల "ఒక మీల్స్" అనడం ఇక్కడ దోషం కాదు.

ఇక్కడ పూర్వపక్షం: ఇది ఇంగ్లీషు సరిగా రానివారి పొరపాటు గాని అర్థసంకోచం కాదు. అట్లా అనరాదు, ఎందుకంటే ఆ పని ఇంగ్లీషువారే ముందు చేశారు. "మీట్" అంటే ఒకప్పుడు ఏ తిండి అయినా సరే; 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలులో, లేవీయకాండం రెండవ అధ్యాయంలోని "మీట్ ఆఫరింగ్" అనేది మెత్తని పిండి, నూనె, సాంబ్రాణి కలిపిన నివేదన, అందులో మాంసపు తునక లేదు. తెలుగు బైబిలు దాన్ని నైవేద్యమనే అంది. మీట్ మాంసానికే పరిమితమైపోయాక ఈ పేరు చదువరులను తికమక పెట్టడం మొదలైంది. 1885 నాటి సవరణ ప్రతి దాన్ని "మీల్ ఆఫరింగ్"గా మార్చింది. అయితే ఆ మీల్ పిండి అనే అర్థం గల వేరే మాట, పలక మీది మీల్స్‌కు చుట్టరికం లేనిది. పండితులు కూడా తడబడే చోటు ఇది.

"డీర్" కథ ఇంకా సరసమైనది. పూర్వం ఏ జంతువైనా డీరే, దాని జర్మన్ చుట్టమైన "టీర్" నేటికీ జంతువనే అర్థంలోనే ఉంది. ఇంగ్లీషులో మాత్రం అది జింకకే మిగిలింది. సంస్కృతంలో "మృగం" కూడా అడవి జంతువని అర్థమిస్తూనే జింకలో స్థిరపడిందనీ, సింహాన్ని మృగరాజు అనడంలో పాత విస్తృతి దాక్కుని ఉందనీ గమనిస్తే, రెండు భాషల వేటగాళ్లూ ఒకరినొకరు ఎరగకుండానే ఒకే పని చేశారని తెలుస్తుంది. వేటకు వెళ్లేవాడికి అడవిలో కంటికి ఆనే జంతువు జింకే గనక జాతి పేరంతా దానికే ధారపోశాడు. ఎవరికి ఏది సర్వస్వమో వారి నోట సామాన్యనామం దానికే చెల్లుతుంది.

ఇదే న్యాయం మీల్స్‌కూ వర్తిస్తుంది. "అన్నం" అనే సంస్కృత పదానికి తినబడేది అని వ్యుత్పత్తి, కాబట్టి యోగార్థంలో, అంటే అవయవాలను బట్టి వచ్చే అర్థంలో, గారె కూడా అన్నమే. కాని తెలుగువాడు ఏనాడో దాన్ని ఉడికిన బియ్యానికి రూఢి చేశాడు. అన్నం ఏ దారిన వెళ్లిందో మీల్స్ కూడా ఆ దారినే వెళ్లింది, కొత్త కోడలు అత్తగారి వంటింటి పద్ధతి నేర్చుకున్నట్టు.

"పార్సిల్" కూడా ఈ కోవలోదే. తపాలా కార్యాలయంలో ఏ మూట అయినా పార్సిలే. హోటలులో అది ప్లాస్టిక్ సంచిలో పోసి మూతికి దారం చుట్టిన సాంబారుతో సహా ఇంటికి పట్టుకెళ్లే తిండికే చెల్లుతుంది. "రెడీ" సంగతి స్వల్పం: ఇంట్లో "రెడీ అయ్యావా?" అంటే స్నానం చేసి బట్టలు కట్టుకున్నావా అనీ, పలక మీద మాత్రం పొయ్యి దిగింది అనీ అర్థం.

తాత్పర్యం: అన్నం వార్చారు, లోపలికి వచ్చి కూర్చోవచ్చు.

పాఠభేదం: కొన్ని పలకల్లో "రేడి" అని ఉంది, ఆకలిగొన్నవారెవరూ దాన్ని పట్టించుకోలేదు. పగలు మూడు దాటాక ఈ సూత్రం ప్రమాణం కాదు, అప్పటికి అదే పలకను తుడిచి "టిఫిన్స్" అని రాస్తారు. దానికి టీక వేరే.