హమాలీ గారి ఇన్‌బాక్సు

రాయ్‌పూర్ స్టేషన్‌కి పట్టాల అవతల గుఢియారీ. హోల్‌సేల్ కిరాణా సరుకు దిగే పేట. ఇక్కడ బస్తాలు మోసే హమాలీల మీద గుణాత్మక పరిశోధన చేయాలంటే వెనకటికి బస్తా పక్కన చతికిలబడి, టీ చెప్పి, మాట కలపాల్సి వచ్చేది. ఇప్పుడా తిప్పలెందుకు? ఛత్తీస్‌గఢీలో నోరు విప్పే మనిషికి ఇంగ్లీషులో పన్నెండు ప్రశ్నలు టైపు చేసి, ‘వారంలోగా విపులంగా రాసి పంపగలరు’ అని ఈమెయిల్ కొడితే సరి.

దీనికి శాస్త్రమూ లేకపోలేదు. ఈమెయిల్ ఇంటర్వ్యూల లాభనష్టాలను 2006లోనే పరిశోధకుడు లోక్‌మన్ మెహో ఒక వ్యాసంలో బేరీజు వేశాడు. దారి ఖర్చుల్లేవు, టేపు విని రాసుకునే చాకిరీ లేదు. నష్టాలూ రాశాడు పాపం. మన పరిశోధకుల ప్రింటర్లో ఆ పేజీలు రాలేదు కాబోలు.

మెయిల్ చూడాలన్నా ముందు ఇంటర్నెట్ తెలియాలిగా. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన దేశంలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన ఆడవాళ్లు 33.3 శాతం. తక్కినవాళ్ల బతుకులు స్పామ్‌లో కూడా పడవు.

హమాలీని కూలి ఎంతని ఎదురుగా అడిగి చూడండి. ముందు గద్దె మీద సేఠ్ వైపు ఓ చూపు, తర్వాత భుజం మీద తువ్వాలు సర్దుకోవడం, ఆపైన గొంతు తగ్గించి ఒక అంకె. అసలు సమాచారం ఆ చూపులోనే ఉంది. అదే ప్రశ్న మెయిల్లో వెళితే, చదువుకున్న కొడుకు తండ్రి తరఫున ‘సంతృప్తికరం’ అని కొట్టి పంపుతాడు. థీసిస్‌లో అది ‘శ్రామికుడి స్వీయ కథనం’ అవుతుంది!

స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం వాళ్లు తెలంగాణ సాయుధ పోరాటంలోని ఆడవాళ్లను వెతుక్కుంటూ వెళ్లి, ఎదురుగా కూర్చుని రికార్డు చేసిన మాటలే 1986 నాటి ‘మనకు తెలియని మన చరిత్ర’. అందులో తన భూమి కోసం దొరను ఎదిరించిన చిట్యాల ఐలమ్మ ఉంది. ఆమెకు ఈమెయిల్ పంపి ఉంటే? ‘విసునూరు దేశ్‌ముఖ్‌తో మీ భూతగాదాను 200 పదాలకు మించకుండా వివరించండి. ఫోటో జతచేయండి.’

మాట్లాడలేనివారికి, ఎదుటపడి చెప్పుకోలేని సంగతులున్నవారికి, సముద్రాల అవతలి ప్రొఫెసర్లకు మెయిలే మేలు. కాదనం. కానీ ఎండకు జడిసిన బద్ధకానికి ‘పద్ధతి’ అని పేరు పెట్టడమే బాగోలేదు.

పరిశోధక మహాశయులారా, రాయ్‌పూర్‌లో రైలు దిగాక గుఢియారీ వైపు బయటికి రండి. నడిచే దూరమే.