గుర్రానికి తారాబలం

డబ్లిన్‌లో కొడుకింటికి వచ్చిన తల్లిదండ్రుల్ని ఆదివారమైతే ఎక్కడో ఒకచోటికి తిప్పుకురావడం అక్కడి తెలుగు పిల్లలకు తప్పని తద్దినం. మాకు కిల్డేర్ దగ్గర టలీలో ఉన్న ఐరిష్ నేషనల్ స్టడ్ రాసిపెట్టి ఉంది. పందెపు గుర్రాల్ని పుట్టించే చోటు. పక్కనే జపాన్ తోట. వెంట మా వియ్యంకుడు. పెళ్లికి ముందు రెండు జాతకాలూ ముగ్గురు సిద్ధాంతులకు చూపించి, ముగ్గురూ సరేనంటే, ఇందులో ఏదో మతలబుందని నాలుగో సిద్ధాంతిని వెతుక్కున్న మనిషి.

ఆయనకు ఆ చోటు తెగ నచ్చింది. 1900లో విలియం హాల్ వాకర్ అనే కల్నల్ ఆ భూమి కొన్నాడు. బీరు కాచి గడించిన వంశం. పుట్టిన ప్రతి గుర్రప్పిల్లకూ జాతకం వేయించేవాడు. గ్రహాలు బాగుంటే శాలలో చోటు, లేకుంటే అమ్మకం. చంద్రుడూ చుక్కలూ నేరుగా దిగి రావాలని గుర్రాల గదుల కప్పులకు అద్దాలు పెట్టించాడు. మా వియ్యంకుడు ఆ కప్పు కేసి చూసి దండం పెట్టినంత పని చేశాడు. "చూశారా బావగారూ! తెల్లవాడు కూడా నమ్మాడు. నవ్వేది మన పిల్లలే."

గ్రహాలు మాట దక్కించుకున్నాయి కూడాను. ఇక్కడ పుట్టిన మినోరు అనే గుర్రాన్ని కల్నల్ ఏడో ఎడ్వర్డు రాజుగారికి కౌలుకిస్తే, అది 1909లో డెర్బీ గెలిచింది. జ్యోతిషం మీద నమ్మకమున్నవాళ్లు కథ ఇక్కడ ఆపేస్తారు. ప్రిన్స్ పాలటైన్ దాకా రారు. అదీ కల్నల్ గారి గుర్రమే. పిల్లగా ఉండగానే రెండు వేల గినీలకు అమ్మేశాడు, జాతకం కుదరకే అంటారు. కొన్నవాడికి అది 1911లో సెయింట్ లెజర్, 1912లోనూ 1913లోనూ ఆస్కట్ గోల్డ్ కప్ తెచ్చిపెట్టింది. నక్షత్రాలు అబద్ధమాడలేదు లెండి. అదృష్టం గుర్రానిదన్నాయి గానీ యజమానిదని అనలేదుగా.

మినోరు అన్నది పక్కనున్న జపాన్ తోట వేసిన తోటమాలి కొడుకు పేరు. తస్సా ఈదా అనే జపాన్ పెద్దమనిషీ, ఆ కొడుకూ కలిసి 1906 నుంచి 1910 దాకా ఈ తోట వేశారు. మనిషి బతుకంతా ఒక కాలిబాట. జన్మ గుహలోంచి బయటపడి, అజ్ఞానపు సొరంగంలో తడుముకుని, చదువుల కొండెక్కి, నిశ్చితార్థం వంతెన, పెళ్లి వంతెన దాటి, ఆశల కొండ మీద ఆయాసపడి, ముసలితనపు కుర్చీలో కూలబడి, చివరి ద్వారంలోంచి పోవడమే. నింపాదిగా నడిచినా పూట పట్టదు. వియ్యంకుడు వంతెన మీద ఆగి అటూ ఇటూ చూశాడు. "పొంతన చూసే మజిలీ ఏదండీ?" లేదు. గుర్రాలకు చుక్కలు చూపించిన కల్నల్, మనుషుల్ని వాళ్ల కాళ్ల మీదే నడవమన్నాడు.

1915లో ఆయన ఈ గుర్రాలన్నీ బ్రిటిష్ సర్కారుకు కానుకగా ఇచ్చాడు. 1919లో లార్డ్ అయ్యాడు. రెంటికీ సంబంధం ఉందని నేననను. 1922లో ఐర్లండ్ వేరుపడినా ఈ శాల మాత్రం 1943 దాకా బ్రిటిష్ వాళ్ల చేతిలోనే ఉంది. పోతూ పోతూ గుర్రాల్ని డోర్సెట్‌కు తోలుకుపోయారు. ఐరిష్ ప్రభుత్వం 1946 నుంచి సొంతంగా నడుపుకుంటోంది. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. గర్భనిరోధక సాధనాలు అమ్మితే నేరమని 1935లో చట్టం చేసిన దేశమిది. 1979 దాకా సడలించలేదు. 1995 దాకా విడాకులకు ఒప్పుకోనే లేదు. ఆ ప్రభుత్వమే మగ గుర్రాల్ని కట్టేసి, రేటు పెట్టి, రసీదు ఇచ్చింది. పాపం మనుషులకే, గుర్రాలకు కాదు. 1969లో మగ గుర్రాల సంపాదన మీద ఆదాయపన్ను ఎత్తేశారు. అదే చట్టంలో రచయితలకూ మినహాయింపు! మా జాతిని ఎవరితో కట్టాలో ఆ ఆర్థికమంత్రికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియలేదు. యూరప్ వాళ్లు కన్నెర్రజేస్తే 2008లో గుర్రాలకు తీసేశారు. రచయితలకు ఉంచారు. మా సంపాదన ఎంతో వాళ్లకు తెలుసు.

ఇక రేటు. ఇక్కడి ఇన్విన్సిబుల్ స్పిరిట్ ఒక దశలో ఒక్క కలయికకు 1,20,000 యూరోలు పలికింది. మన డబ్బులో కోటికి కాస్త అటూ ఇటూ. ఆడపిల్ల వాళ్లే ఇచ్చుకోవాలి. అయితే పిల్ల పుట్టి నాలుగు కాళ్ల మీద నిలబడితేనే చెల్లింపు అన్న షరతు కూడా ఈ వ్యాపారంలో ఉంది. ఇది వినగానే మా వియ్యంకుడు తోటలో పూల గురించి మాట్లాడడం మొదలెట్టాడు. తన పెద్ద కొడుకు పెళ్లిలో ఆయన పెట్టిన షరతులు నాకు తెలుసు మరి. అవన్నీ ముందు చెల్లింపులే.

ఆ కోటి రూపాయల దొరగారు రాకముందు ఇంకో గుర్రాన్ని తెస్తారు. దాన్ని టీజర్ అంటారు. ఆడ గుర్రం సుముఖంగా ఉందో లేదో కనుక్కోవడం దాని పని. ఉంటే దీన్ని పక్కకు లాగేస్తారు, లేకుంటే తన్నులు దీనికి. మన సినిమావాళ్లు ఈ మాట ఎక్కడ పట్టారో గానీ, మనకు దక్కేదీ అంతే.

మ్యూజియంలో ఆర్కిల్ అస్థిపంజరం ఉంది. 1964, 65, 66లలో వరసగా చెల్టనమ్ గోల్డ్ కప్ గెలిచిన మొనగాడు. ఏనుగు చచ్చినా వెయ్యే. కానీ వృషణాలు తీసేసిన గుర్రం, సంతానం లేదు. సంతానం పేరుతో బతికే ఈ చోట ఎముకలుగా నిలబడితేనే దానికి చోటు దొరికింది.

అన్నట్టు, ఉత్తరార్ధగోళంలో జాతి గుర్రాలన్నిటికీ పుట్టినరోజు జనవరి 1. మా బడి పంతులు ఊరి పిల్లలందరికీ జులై 1 రాసిపారేసినట్టే.

"అదెలా కుదురుతుందండీ? ఘడియ ముఖ్యం," అన్నాడు వియ్యంకుడు తిరుగుదారిలో. మా కోడలికి ఆరో నెల. తొలికాన్పు పుట్టింట్లోనే జరగాలని, హైదరాబాద్ తీసుకుపోతానని ఆయన పట్టు. "ఇక్కడి డాక్టర్లు నొప్పులొచ్చేదాకా ఆగమంటున్నారు బావగారూ. మన దగ్గరైతే పంతులుగారు చెప్పిన నిమిషానికి తీసి చేతిలో పెడతారు."

నిజమే. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో నూటికి అరవై కోతలే. పాపం కల్నల్, పిల్ల పుట్టేదాకా ఆగి అప్పుడు జాతకం వేయించుకున్నాడు.

వియ్యంకుడు ఫోనులో ఆ అద్దాల కప్పు ఫొటోను పెద్దది చేసి చూస్తున్నాడు.

"ఆపరేషన్ థియేటర్‌కి ఇలాంటిదుంటే ఎంత ఎక్కువ తీసుకుంటారంటారు?"