పదహారు అంకెలు

తెనాలిలో జాకెట్లు కుట్టే ఒకావిడ పేరు మీద 2021లో పుట్టాను. ముఖాన పదహారు అంకెలు, గడువు తేదీ ఉన్నా మొదట్లో నాకు తెలిసిన చోటు ఏటీఎం ఒక్కటే. 2020 నుంచి రిజర్వు బ్యాంకు నియమం ఒకటుంది. కొత్త డెబిట్ కార్డులు దేశంలోని ఏటీఎంలలో, షాపుల్లో గీకే మెషిన్లలో మాత్రమే పనిచేస్తాయి. ఆన్‌లైన్‌కు గానీ విదేశీ కొనుగోళ్లకు గానీ కావాలంటే ఖాతాదారే తెరిపించుకోవాలి.

ఆ సంగతి మా ఇంట్లో తెలియదు. డిగ్రీ చదివే అమ్మాయి, ఇంగ్లీషు మాట్లాడటం నేర్పే యాప్ కోసం వాళ్ల వెబ్‌సైట్ తెరిచి, నన్ను కిటికీ వెలుతురులో పెట్టుకుని ఒక్కో అంకే కొట్టింది. వెనకున్న మూడంకెలూ కొట్టింది. ఓటీపీ వస్తుందేమోనని తల్లీకూతుళ్లు ఫోన్ వంక చూస్తూ కూర్చున్నారు. రాలేదు. చెల్లింపు కుదరలేదని ఎర్ర అక్షరాలు వచ్చాయి. అమ్మేవాళ్లు విదేశంలో ఉన్నారు, నాకు ఎల్లలు దాటే అనుమతి లేదు. ఖాతాలో డబ్బుంది, ఇవ్వాలన్న మనసూ ఉంది. అయినా ఆ కంపెనీ లెక్కలో మా అమ్మాయి కొనకుండా వెళ్లిపోయిన మనిషి. ఇక్కడివాళ్లు యాప్‌లకు డబ్బు పెట్టరనే మాట ఇలాంటి లెక్కల్లోంచే పుడుతుందని నా నమ్మకం.

దారి చూపించింది సెల్ రీచార్జి కొట్టబ్బాయి. "క్యాష్ ఇవ్వండక్కా, ప్లేస్టోర్ కోడ్ ఇస్తా" అన్నాడు. ఆ నెల అలా గడిచింది. తరువాత అతనే ఆవిడ ఫోన్లో యూపీఐ పెట్టాడు. పిన్ పెట్టుకోవడానికి నా చివరి ఆరంకెలు, గడువు తేదీ కావాల్సి వచ్చాయి. ఆ రోజు నాకెంత సంతోషమో! ఆ తరువాత నా చోటు బీరువాలో పాస్‌బుక్ పక్కన.

యూపీఐ ఆటోపే 2020 నుంచే ఉంది. ఒకసారి ఒప్పుకుంటే నెలనెలా అదే కట్ అవుతుంది. యాప్ చందాకు అమ్మాయి అదే పెట్టింది. కానీ ఆవిడకు డబ్బు నెలనెలా రాదు, ముహూర్తాలను బట్టి వస్తుంది. మాఘం, ఫాల్గుణం, శ్రావణంలో మిషను ఆగదు. ఆషాఢంలో, మూఢంలో జాకెట్ గుడ్డ తెచ్చే మనిషే కనపడదు. చందా తేదీకి ఈ పంచాంగం తెలియదు. సెల్ కంపెనీలకు మాత్రం ఎప్పుడో తెలిసింది, పది రూపాయల టాపప్ కూడా అమ్మేవి. నెట్‌ఫ్లిక్స్ 2019 జులైలో మన దేశానికని 199 రూపాయల మొబైల్ ప్లాన్ తెచ్చింది. ధర తగ్గించడం మంచిదే. నన్నడిగితే, ఉన్న రోజున తన చేత్తో కట్టుకునే వీలు అంతకంటే ముఖ్యం.

ఆషాఢంలో ఒక సాయంత్రం, డబ్బు కట్ అవుతుందని ముందస్తు మెసేజ్ వచ్చింది.

"రేపు తీసుకుంటారంట. ఆపెయ్ తల్లీ, శ్రావణంలో నేనే కడతా."

"క్లాసులు మధ్యలో ఆగిపోతాయమ్మా."

"కరెంటు బిల్లు ఉందిగా."

అమ్మాయి ఆటోపే రద్దు చేసింది. శ్రావణంలో మగ్గం వర్కు జాకెట్ల డబ్బు రాగానే ఆవిడే కూతుర్ని పిలిచి పిన్ కొట్టింది. ఏడాది చందాకు పెద్ద తగ్గింపు కనపడినా నెలకే కట్టింది. భాద్రపదంలో మళ్లీ ముహూర్తాలుండవు మరి.