నేను గీసిన బాణాలు

నేను చేసిన తెలివితక్కువ పనుల్లో ఒకటి నన్ను ఇప్పటికీ వదల్లేదు. సింహాద్రిపురం మండలంలో సైన్సు మాస్టరుగా ఉన్నన్నాళ్లూ నల్లబోర్డు మీద కొన్ని బాణాలు తప్పు దిక్కుకు గీస్తూ వచ్చాను. ఎడమవైపు గుండ్రటి గెలాక్సీ, దాని పక్కన కాస్త సాగినది, ఆ పక్కన చేతులు చాచిన సర్పిల గెలాక్సీలు. ఒకదాని నుంచి ఇంకోదానికి బాణాలు. "గెలాక్సీ మొదట ముద్దగా పుడుతుంది, తిరిగి తిరిగి చదునవుతుంది, ఆ తర్వాత చేతులు వస్తాయి" అని చెప్పేవాణ్ణి. పిల్లలు నమ్మి రాసుకునేవాళ్లు. మరుసటి ఏడు కొత్త పిల్లలు వచ్చేవాళ్లు. బొమ్మ అదే, బాణాలు అవే.

బొమ్మ ఖగోళ శాస్త్రవేత్త ఎడ్విన్ హబుల్‌ది. 1926లో ఆయన గెలాక్సీలను రూపాన్ని బట్టి తరగతులు చేశాడు, 1936లో వచ్చిన పుస్తకంలో వాటిని రెండు పాయలుగా చీలిన వరుసలో చూపించాడు. ఆ వరుస ఆకారాలది. ఏది ముందు పుట్టింది, ఏది తర్వాత అన్నది అందులో తేలలేదు. జేమ్స్ జీన్స్ అంతటి శాస్త్రవేత్త ముద్ద తిరిగి తిరిగి చదునై చేతులు విసురుతుందని ఊహించిన మాట నిజమే. ఆయన తన కాలానికి దొరికిన లెక్కలతో ఆలోచించాడు. నేను మాత్రం ఆ ఊహ వీగిపోయి ఎన్నో ఏళ్లయ్యాక, ఒక్కసారీ విచారించకుండా, నిజమని చెప్పాను. వరుస కనిపిస్తే చాలు, అది వయసే అనుకున్నాను.

తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి లేచి అడిగింది. నీలంగా వెలిగే పెద్ద నక్షత్రాలు తొందరగా కాలిపోతాయని అంతకు ముందు వారమే నేను పాఠం చెప్పి ఉన్నాను. "చేతులుండే గెలాక్సీలు నీలంగా ఉంటాయంటిరి గదా సార్. అంటే వాటిల్లో ఇంకా కొత్త నక్షత్రాలు పుడతాండాయి. గుండ్రటివి ఎర్రగా ఉంటాయంటిరి. అట్లయితే అవే ముసిలివి గదా సార్?"

ఆ పిల్ల నా రెండు పాఠాలను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసింది. ఆ పని నేను ఎన్నడూ చేయలేదు. "అది పరీక్షకు రాదులేమ్మా, కూచో" అన్నాను. ఆ అమ్మాయి కూచుంది. మళ్లీ ఆ ఏడాదంతా నన్ను ఏమీ అడగలేదు. బాణం తప్పుగా గీయడం కన్నా ఇదే పెద్ద తెలివితక్కువతనమని ఇప్పుడు నాకు రూఢిగా తెలుసు.

ఉద్యోగం ముగిసి చదువుకోవడానికి తీరిక దొరికాక అసలు ప్రశ్న అర్థమైంది. ఒక గెలాక్సీ పుట్టి పెరగడాన్ని ఎవరూ కూచుని చూడలేరు. మన సూర్యుడు పాలపుంత చుట్టూ ఒక్క చుట్టు తిరగడానికే 20 కోట్ల ఏళ్లకు పైగా పడుతుంది. మరి శాస్త్రవేత్తలు దాని జీవితం ఎట్లా చెబుతారు?

మా నాయన చీనీ తోట పెట్టిన రైతు. మా మండలంలో ఏ ఊరి పొలిమేరలో నిలబడినా ఒకే పూట అంటు నాటిన తోట, కాపు పట్టిన తోట, కొట్టేయడానికి సిద్ధంగా ఉన్న తోట కనిపిస్తాయి. ఒక్క చెట్టు కిందనే ముప్పై ఏళ్లు కూచోకుండా, తోటలన్నీ తిరిగినవాడు చీనీ చెట్టు బతుకు చెప్పగలడు. ఖగోళ శాస్త్రవేత్త విలియం హెర్షెల్ 1789లోనే ఆకాశాన్ని ఒక తోటతో పోల్చాడు: మొలకెత్తేదీ, పూసేదీ, వాడిపోయేదీ అన్నీ ఒకేసారి కళ్ల ముందు ఉంటాయి కాబట్టి కాలాన్ని చదవొచ్చునని. తోటలో పుట్టి పెరిగిన నాకు ఈ పోలిక తట్టకపోవడం నన్ను బాధపెట్టింది. అంతకన్నా ముఖ్యమైనది ఇంకోటి మా నాయనకు తెలుసు. ఎండిన చెట్టల్లా ముసిలిది కాదు. బోరు ఒట్టిపోతే కాపు మీదున్న పడుచు చెట్టు కూడా ఒక్క ఎండాకాలంలో ఎండుతుంది. కరువు ఏళ్లలో ట్యాంకర్లతో నీళ్లు తోలి చెట్లను బతికించుకున్న ఊళ్లు మావి. చూసేవాడికి అది వయసుతో ఎండిందో, నీళ్లు ఆగి ఎండిందో తేల్చుకోవడం రావాలి.

గెలాక్సీల చరిత్ర చదివేవాళ్లకు ఉన్న కష్టం సరిగ్గా ఇదే. ఆకాశంలో వాళ్లకు ఒక వెసులుబాటు కూడా ఉంది. దూరంగా చూడడమంటే వెనకటి కాలాన్ని చూడడం. 1000 కోట్ల ఏళ్ల కింద బయల్దేరిన వెలుగు, బయల్దేరిన నాటి రూపాన్నే మోసుకొస్తుంది. అయితే అప్పటి ఏ గెలాక్సీ పెరిగి ఇప్పటి ఏ గెలాక్సీగా మారిందో ఆ వెలుగు చెప్పదు. ఆ లంకె కలపడానికి లెక్కలు కావాలి.

ఆ లెక్కల్లో ఒక ముఖ్యమైన భాగం హైదరాబాదులో జరిగింది. సాలేహ్ మహమ్మద్ అలాదీన్ షికాగో విశ్వవిద్యాలయంలో డాక్టరేటు చేసి వచ్చి ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఖగోళశాస్త్రం చెప్పారు. 1965లో ఆస్ట్రోఫిజికల్ జర్నల్‌లో ఆయన వ్యాసం వచ్చింది. విషయం, ఢీకొనే గెలాక్సీల గతిశాస్త్రం. రెండు గెలాక్సీలు ఒకదాని గుండా ఒకటి దూసుకుపోతే ఏమవుతుంది? పిల్లలకు నేను "నక్షత్రాలు ఒకదానికొకటి గుద్దుకుని పేలిపోతాయి" అని చెప్పేవాణ్ణి. అదీ తప్పే. సూర్యుడి అడ్డుకొలత సుమారు 14 లక్షల కిలోమీటర్లు. అతి దగ్గరి నక్షత్రం 40 లక్షల కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంది. అంత ఎడం ఉన్నప్పుడు నక్షత్రం నక్షత్రాన్ని తాకడం దాదాపు జరగని పని. మారేది చలనం. ఒక గెలాక్సీ గురుత్వాకర్షణ రెండోదాని నక్షత్రాలను లాగి వాటి వేగాలను చెదరగొడుతుంది. ఆ శక్తి గెలాక్సీల ప్రయాణం నుంచే ఖర్చవుతుంది కాబట్టి అవి నెమ్మదిస్తాయి. చాలినంత నెమ్మదిస్తే విడిపోలేక కలిసిపోతాయి. ఎంత శక్తి అట్లా మారుతుందో అలాదీన్ గారు గోళాకార నమూనాలతో లెక్క కట్టారు.

ఆయనకన్నా ముందు, 1941లో, స్వీడన్‌లో ఎరిక్ హోల్మ్‌బెర్గ్ అనే ఆయన చేసిన పని చదివి నేను చాలాసేపు పుస్తకం మూయలేకపోయాను. కంప్యూటర్లు లేని రోజులు. దూరం రెట్టింపైతే గురుత్వాకర్షణ నాలుగో వంతుకు తగ్గుతుంది, వెలుతురు కూడా అంతే. అందుకని ఆయన ఒక్కో గెలాక్సీకి 37 విద్యుత్ బల్బుల చొప్పున బల్ల మీద పేర్చి, ఒక్కో చోట పడే వెలుతురును కొలిచి, దాన్నే ఆకర్షణగా తీసుకుని, బల్బులను కొంచెం కొంచెం జరుపుతూ రెండు గెలాక్సీలను ఒకదాని పక్కగా ఒకటి నడిపించాడు. బల్బులూ ఒక బల్లా మా బడిలో కూడా ఉండేవి.

1972లో టూమ్రే సోదరులు, అలార్, యూరి, కంప్యూటర్ మీద ఇదే పని చేసి, ఆకాశంలో కనిపించే పొడుగాటి నక్షత్రాల తోకలు ఇట్లాంటి సమాగమాల్లో వచ్చినవేనని చూపించారు. రెండు సర్పిల గెలాక్సీలు కలిస్తే, వాటి చక్కని తిరుగుడు చెదిరి, గుండ్రటి గెలాక్సీ మిగలవచ్చునని 1977లో అలార్ టూమ్రే ప్రతిపాదించాడు. అంటే నా బాణాలు తిరగబడాలి. అన్నీ కాదు, ప్రతి సర్పిల గెలాక్సీకీ ఆ గతి పట్టదు. కానీ గుండ్రటివే ముసిలివి గదా అని అడిగిన పిల్ల, దారి సరిగ్గా పట్టుకుంది.

నీళ్ల సంగతి కూడా తేలింది. గెలాక్సీకి నీళ్లంటే హైడ్రోజన్ వాయువు. అది ఉన్నంతవరకే కొత్త నక్షత్రాలు. విశ్వంలో నక్షత్రాల పుట్టుక 800 నుంచి 1000 కోట్ల ఏళ్ల కింద ఉచ్చస్థితికి చేరి, తర్వాత పదో వంతుకు పడిపోయింది. ఎందుకు? అది తేలాలంటే ఆనాటి గెలాక్సీల్లో వాయువెంతో కొలవాలి. పుణె దగ్గరి నారాయణ్‌గావ్ ప్రాంతంలో 45 మీటర్ల వెడల్పున్న 30 రేడియో డిష్‌ల టెలిస్కోపు, జీఎంఆర్‌టీ ఉంది. అంత దూరపు గెలాక్సీలో హైడ్రోజన్ పంపే 21 సెంటీమీటర్ల తరంగం విడిగా వినపడనంత సన్నగా ఉంటుంది. అందుకని ఆదిత్య చౌధురి, నిస్సిమ్ కనేకర్ బృందం 7,653 గెలాక్సీల సంకేతాలను ఒకదాని మీద ఒకటి పేర్చి కలిపింది. 2020లో నేచర్ పత్రికలో ఫలితం వచ్చింది. ఆనాటి గెలాక్సీల్లో వాయువు పుష్కలంగా ఉంది, కానీ అవి నక్షత్రాలను కనే వేగానికి ఆ వాయువు 100, 200 కోట్ల ఏళ్లకు మించి రాదు. బయటి నుంచి కొత్త వాయువు చేరకపోతే పుట్టుక తగ్గక తప్పదు.

ఏ గెలాక్సీలో కొత్త నక్షత్రాలున్నాయో నేరుగా చూడాలంటే అతినీలలోహిత కాంతి కావాలి. ఆ కాంతిని మన గాలి పొర అడ్డుకుంటుంది. కాబట్టి పైకి వెళ్లాలి. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి లేచిన ఆస్ట్రోశాట్‌లో అందుకోసమే రెండు టెలిస్కోపులున్నాయి. ఒక్కో అద్దం అడ్డుకొలత 38 సెంటీమీటర్లు, మూరెడు కూడా లేదు. 2016 అక్టోబరులో ఆకాశంలో ఒకే చోట 28 గంటలకు పైగా చూసిన వెలుగులో, 930 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఒక గెలాక్సీ నుంచి వచ్చిన తీవ్ర అతినీలలోహిత కాంతిని పుణెలోని ఐయూకా పరిశోధన సంస్థ శాస్త్రవేత్త కనక్ సాహా బృందం పట్టుకుంది. నా తరగతిలో ఒక పిల్ల నీలం, ఎరుపు అని అడిగిన ప్రశ్ననే మన రాష్ట్రం గడప నుంచి ఆకాశానికి పంపి అడుగుతున్నారు. నేను దాన్ని పరీక్షకు రాదన్నాను.

2025లో వచ్చిన వార్త నా బొమ్మను ఇంకా చెరిపింది. జేమ్స్ వెబ్ టెలిస్కోపు చిత్రాల్లో శాస్త్రవేత్తలు రాశి జైన్, యోగేశ్ వాడదేకర్ అలకనంద అని పేరుపెట్టిన సర్పిల గెలాక్సీని గుర్తించారు. మహావిస్ఫోటం తర్వాత 150 కోట్ల ఏళ్లకే దానికి చక్కగా తీరిన రెండు చేతులున్నాయి. నా బోర్డు మీద చివర ఉండాల్సినది అది.

ఇప్పుడు అప్పుడప్పుడు బడికి పిలుస్తారు, వెళ్తాను. బాణాలు గీయను. కార్తీక మాసం చీకటి రాత్రుల్లో మా తోట నుంచి ఆండ్రోమెడా కంటికే మసకగా కనిపిస్తుంది, 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో. అది మన పాలపుంతను ఢీకొని తీరుతుందని ఒకప్పుడు ఖాయంగా చెప్పేవాణ్ణి. మొన్న పిల్లలు అదే అడిగారు. 2025లో టిల్ సవాలా అనే శాస్త్రవేత్త బృందం, గాయా, హబుల్ టెలిస్కోపుల కొలతలతో కొత్తగా లెక్క వేసి, రాబోయే 1000 కోట్ల ఏళ్లలో ఆ కలయికకు అవకాశం సుమారు సగమేనని చెప్పిందన్నాను. "సగమెట్లా సార్? అవుతుందో కాదో తెలీదా?" అన్నాడొకడు. కూచోమనలేదు. ముందు పాలపుంతను, ఆండ్రోమెడాను గీశాను. తర్వాత వాటి పక్కనుండే చిన్న గెలాక్సీలు, పెద్ద మాగెల్లాన్ మేఘాన్ని, ఎం33ని చేర్చాను. మాగెల్లాన్ మేఘం మన పాలపుంతను పక్కకు లాగి కలయికను తప్పించేలా చేస్తుందనీ, ఎం33 దగ్గరికి తెచ్చేలా చేస్తుందనీ, వాటి బరువుల్లో, వేగాల్లో చిన్న పొరపాటున్నా కోట్ల ఏళ్లలో దారి ఎంత మారుతుందో బోర్డు మీద చూపించడం మొదలుపెట్టాను. గంట కొట్టేశారు, పిల్లలు కదల్లేదు. సగంలో ఉన్న ఆ లెక్క వాళ్లే నోట్సుల్లో వేసుకుంటామన్నారు.