కొనబోవు రాయుడు

మదనపల్లె నుండి పుంగనూరు, పలమనేరు, వెంకటగిరికోటల మీదుగా కుప్పము దాటి కృష్ణగిరికి పోవు రాజమార్గమునకు పూర్వము 219 అను సంఖ్య యుండెను. ఇప్పుడు 42 అని వ్యవహారము. సంఖ్య మారినను, ఆ మార్గము పొడవునను ప్రతి యూరి కూడలిలోను మారక నిలిచియున్న పురుషుడొకడు కలడు. అతని వయస్సు 19కి లోపు గాదు, 26కు పైన గాదు. చేతిలో ఫోను, నోట అశ్వశక్తి, చొక్కా జేబులో ఎల్.ఎల్.ఆర్. కాగితము, ఈ మూడును అతనికి నిత్యాలంకారములు. ఆ కాగితమునకు ఆరు మాసములే ఆయుర్దాయమగుటచే రెండు కాగితములు ఇదివరకే కాలధర్మము నొందినవి, మూడవది నడుచుచున్నది. లేనిదొక్కటే, బండి. అతడు స్పోర్ట్సు బైకు కొనబోవుచున్నాడు. నిరుడును కొనబోవుచుండెను, అంతకు ముందేడును కొనబోవుచుండెను. కనుక నేనతనిని కొనబోవు రాయుడని పిలిచెదను. అసలు పేరు మీ వీథిలో విచారించినచో తెలియును.

రాయుని పాండిత్యము సామాన్యమైనది కాదు. 2003లో కరిజ్మా బండి వచ్చినపుడు అతడు ఉయ్యాలలోనో తల్లి కడుపులోనో యుండెను. 2008లో యమహా ఆర్15, నీటితో చల్లబడు ఇంజనును నూటయేబది సీసీల బండికే తగిలించుకొని దిగినపుడు బలపము పట్టుచుండెను. అయినను ఆ రెంటి జాతకములును అతనికి కంఠస్థములు. ఆర్15 యొక్క నేటి రూపము 155 సీసీ, 18.4 అశ్వశక్తి, 2014లో మన దేశమున కాలిడిన కేటీఎమ్ ఆర్‌సీ 390 యనగా 373 సీసీ, 43 అశ్వశక్తి, 2017 డిసెంబరులో వెలువడిన అపాచీ ఆర్ఆర్ 310 మొదట 34 అశ్వశక్తి. అర్ధరాత్రి నిద్ర లేపి యడిగినను ఈ అంకెలను తడబడక చెప్పును. చెప్పలేనిది, క్లచ్చు మెల్లగా విడుచుచు బండిని కదలించుట యెట్లో.

రవీంద్రనాథుడు 1919లో ఈ మదనపల్లెకు వచ్చి, బిసెంటు దివ్యజ్ఞాన కళాశాలలో విడిసి, కొలది దినములలోనే జనగణమన గీతమునకు ఆంగ్లానువాదము ముగించి పోయెను. మనవాడు అదే కళాశాల దాపున టీ అంగడి బల్లమీద మూడేండ్లుగా కూర్చుండియు నీలిరంగా, నల్లరంగా యను నొక్క చర్చను ముగింపలేకున్నాడు. ఆ బల్లమీద పూర్వపక్షము చేయువారు నలుగురు, సిద్ధాంతము చేయువారు నలుగురు. ఎనమండుగురిలోను సొంతబండి గలవా డొక్కడే, వానిది స్ప్లెండరు, వాని మాట నెవడును లెక్కపెట్టడు. సభ ముగిసిన పిమ్మట అందరును ఆ స్ప్లెండరు మీదనే వంతుల వారిగా ఇండ్లకు చేరుదురు.

ఈ తపస్సునకు బీజము వేసినది హార్సిలీ కొండ. ఆదివారము తెల్లవాఱగనే బెంగళూరు నుండి తోలుకోట్లు, మోకాలి చిప్పలకు కవచములు ధరించిన వీరులు గుంపులుగా వచ్చి, నాలుగువేల యడుగులు దాటిన ఆ గిరిశిఖరమునకు మెలికలు తిరిగి పోవు ఘాటురోడ్డులో బండ్లను ఏటవాలుగా వంచుచు పోవుచుండ, క్రింద నిలిచి చూచిన మనవాడు ఆ క్షణముననే దీక్ష వహించెను. తానును అట్లే వంచవలెను. మోకాలు రోడ్డును ముద్దాడవలెను. అతడు దినదినము పోవలసిన దారి మాత్రము ఇంటినుండి టమోటా మండీకి. ఆ దారిలో ఆటోలు, తోపుడుబండ్లు, క్రేట్ల లారీలు, నడిరోడ్డున నెమరువేయు నెద్దులు. అందు గంటకు 20 కిలోమీటర్ల వేగమే దుర్లభము.

బండి యెంపికకు శాస్త్రములు వేయి యున్నను, మదనపల్లెలో ఫలితమును నిర్ణయించునది టమోటా. రాయుని తండ్రి టమోటా రైతు. 2023 జూలైలో మార్కెట్ యార్డున కిలో నూరు రూపాయలు దాటి ధర పైపైకి పోవుచుండ, రాయుని మనోరథము ఆర్‌సీ 390 నంటెను. ధర ముప్పదికి దిగగా 310 చాలుననెను. పదికి దిగగా, తొలిబండికి 155 సీసీయే శ్రేయస్కరమని పెద్దలందరు చెప్పుచున్నారని జ్ఞాపకము చేసికొనెను. కోతకూలి కూడ గిట్టక రైతులు పండిన పంటను రోడ్డు ప్రక్కన పారబోసిన దినములలో సెకండు హాండు బండ్ల ఫోటోలు చూచుచు, పాత ఇంజన్లలోని గట్టితనము క్రొత్తవాటిలో లేదని వైరాగ్యము పలికెను. ఇంజను సామర్థ్యము టమోటా ధరను బట్టి పెరుగుచు తరుగుచుండునను నీ సూత్రమును హోసూరు, చాకనులలోని బండ్ల కర్మాగారముల శాస్త్రజ్ఞులు ఇంకను కనుగొన్నట్లు లేదు.

ధర నిలకడగా నున్న యొక సాయంకాలమున అతడు తండ్రికి ఫోనులో బొమ్మ చూపెను.

“బండి బాగానే ఉండాది నైనా. లీటరుకు ఎంత ఇస్తాది?”

“నలభై పైనే ఇస్తాది నాయనా.”

“సరే. క్రేటు యాడ పెట్టేది?”

“క్రేట్లు పెట్టే బండి కాదు నాయనా ఇది. స్పోర్ట్సు బండి.”

“స్పోర్ట్సంటే ఆటలే గదరా. పొద్దన్నే మండీకి పోయేదానికి ఆటలేంటికి?”

తల్లి ఆ బొమ్మను చాలసేపు పరికించి, ముందు సీటునకు జానెడెత్తున ఇటుకవలె నిలిచిన వెనుక సీటును వ్రేలితో చూపి, “దీని మీద కూచుంటే నేను గుడికి పోతానా, గోడ దూకేదానికి పోతానా?” అనెను. ఇంత సూటియైన విమర్శ ఏ మోటారు పత్రికలోను నేను చదువలేదు.

వీథి చివరి మెకానిక్కు ఆర్ఎక్స్ 100 కాలపు మనిషి. 1985 మొదలు 1996 వఱకు తయారైన ఆ బండి 98 సీసీలతోనే 11 అశ్వశక్తుల నిచ్చెనని తలచుకొనినపుడెల్ల అతని కన్నులు చెమ్మగిల్లును. అతడిచ్చిన సలహా యొక్కటే: “ముందు పాత బండి మీద పడు నైనా. కొత్త స్పోర్ట్సు బండి మీద పడితే, నీకు దెబ్బ తగలకపోయినా దాని ప్లాస్టిక్కుకు అప్పు చెయ్యాల.” ఇది నూటికి నూరు పాళ్లు సత్యము, నిలుచున్న బండి ప్రక్కకు వాలినను ముందుగా పగులునది ఆ యలంకార కవచమే. రాయుడు విని, నవ్వి, టీ అంగడికి పోయెను.

ఇది మదనపల్లె రాయుని కథ. అదే మార్గమున పుంగనూరు రాయుడు కొంచెము పొట్టి. ఆ యూరి యావు పొట్టిజాతి యని జగత్ప్రసిద్ధము. ఎత్తు 70 మొదలు 90 సెంటీమీటర్ల వఱకు. ఆర్15 సీటు నేలనుండి 815 మిల్లీమీటర్లు, అనగా ఇంచుమించుగా ఆ యావు వీపంత. పసితనము నుండి ఆ యెత్తును అరచేత నిమురుచు పెరిగినవాడు, అదే యెత్తు సుమారు 140 కిలోల ఇనుమై షోరూములో నిలువగా, కాలు ఆవలికి వేయుటకు ముందు నలుదిక్కులు చూచెను. ఎక్కెను. బూట్ల మునివ్రేళ్లు నేలకు తగిలినవి, మడమలు తగులలేదు. హాండిలు దిగువన నుండుటచే నడుము వంగి, దేహభారమంతయు మణికట్ల మీద పడినది. ముంగిటిలోనే వెనుకకు మఱలింపబోగా బొటనవ్రేలు హాండిలునకును ట్యాంకునకును నడుమ చిక్కెను. “అలవాటైపోతుంది సార్” అనెను సేల్సు కుఱ్ఱవాడు. మనవాడు గంభీరముగా దిగి, వ్రేలిని జేబులో దాచుకొని, రంగు నచ్చలేదని చెప్పి వెడలిపోయెను.

కుప్పము రాయుని చిక్కు వేఱు. అతడు ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడులు కలియు మూలన పుట్టి, మూడు భాషలలోను కొనబోవుచున్నాడు. హోసూరులో తయారగు అపాచీ తనకు వరుసకు చుట్టమని వాదించును. ఉమ్మడి చిత్తూరు జిల్లాలోనే, సత్యవేటి దాపున మాదనపాలెములో హీరో వారి కర్మాగార మున్నదని గుర్తు చేసినచో మాట మార్చును, సొంత జిల్లా సరకునకు మర్యాద తక్కువ గదా! బండిని బెంగళూరులో కొన్న మేలా, కృష్ణగిరిలోనా, చిత్తూరులోనా యని పన్నులన్నియు కూడి తీసివేసి, కర్ణాటకలో జీవితపన్ను భారమని తేల్చును; పరరాష్ట్రపు నంబరుతో పన్నెండు మాసములు మించి తిప్పినచో ఇక్కడ మఱల రిజిస్ట్రేషను చేయింపవలెనను నిబంధనను సెక్షనుతో సహా చదువును. లేని బండికి ఇన్ని పన్నులు కట్టినవానిని నేను వేఱొకనిని చూడలేదు.

ఐరోపా దేశములలో నిట్టి యువకునికి ప్రభుత్వమే మెట్లు కట్టి పెట్టినది: మొదటిమెట్టున 125 సీసీ, 11 కిలోవాట్లు, రెండవమెట్టున 35 కిలోవాట్లు, ఆ పైననే యథేచ్ఛ. మనయొద్ద 18 ఏండ్లు నిండినవాడు పొరుగువాని నూరు సీసీ బండిమీద ఎనిమిది అంకె వేసి చూపినచో, గేరున్న మోటారు సైకిలని ఒక్క లైసెన్సు చేత పడును. దానితో వేయి సీసీ బండి నెక్కినను అడ్డులేదు. ఇది ఉదారత యనవలెనో ఉపేక్ష యనవలెనో నాకు తెలియదు గాని, మెట్లు లేని చోట మెట్టును ఇంటివారే కట్టవలసియున్నది. 2019 ఏప్రిలు నుండి 125 సీసీ దాటిన ప్రతి క్రొత్త బండికిని ఏబీఎస్ తప్పనిసరి చేసిరి; అంతవఱకు మేలు.

కావున రాయుడు మీ యొద్దకు వచ్చి “అన్నా, ఏది తీసుకోమంటావు?” అని యడిగినచో బండి పేరు చెప్పకుడు, చెప్పినచో దానికి పోటీగా మఱి నాలుగు పేర్లు చెప్పి మీ సాయంకాలమును హరించును. షోరూమునకు తోడ్కొనిపొండు. సీటు మీద కూర్చుండబెట్టి రెండు పాదములును నేల నానునో లేదో చూడుడు. ఇంజను ఆపి బండిని పదడుగులు వెనుకకు నెట్టించుడు. ఈ రెండు పరీక్షలలో నిలిచిన 150, 160 సీసీల బండి ఏదైనను, ఏ రంగుదైనను, మొదటి రెండేండ్లకు అతనికి చాలును. 390 ముచ్చట ఆ పిదప. ఐ.ఎస్.ఐ. ముద్ర గల హెల్మెట్టును మాత్రము బండికంటె ముందే కొనిపింపుడు. దానికి టమోటా ధరతో నిమిత్తము లేదు.