రాని భృతి తిని చెడిపోయారు

పథకాల డబ్బులు పడుతుంటే కూలీలు పనికి రావడం లేదని 2025 ఫిబ్రవరిలో చెన్నై సభలో ఎల్ అండ్ టీ చైర్మన్ సుబ్రహ్మణ్యన్ గారు వాపోయారు. ఆదివారాలు కూడా పని చేయించలేకపోతున్నానే అని అంతకుముందు బాధపడ్డ పెద్దమనిషి ఆయనే. అయితే ఆయన చెవిన పడని ఘోరం ఒకటి హైదరాబాద్‌లో జరుగుతోంది. అశోక్‌నగర్‌ గదుల్లో ఉంటూ సర్కారు కొలువుల పరీక్షలకు చదివే కుర్రాళ్లు అసలు రాని డబ్బులు తిని చెడిపోతున్నారు.

లెక్క చూడండి. 2018 తెలంగాణ ఎన్నికల్లో టీఆర్ఎస్ నెలకు 3,016 రూపాయల నిరుద్యోగ భృతి అంది. మరుసటి ఏడాది బడ్జెట్లో 1,810 కోట్లు చూపించింది కూడా. 2023లో కాంగ్రెస్ పాట పెంచి 4,000 అంది. 2019 జనవరి నుంచి 2025 జనవరి దాకా కూడితే తలా 2,33,944 రూపాయలు. అంత సొమ్ము చేతికి రాకపోయాక ఎవడికి మాత్రం ఒళ్లు వంగుతుంది?

బద్ధకం ఎంత ముదిరిందంటే, చిక్కడపల్లి లైబ్రరీ గేటు తీయకముందే కుర్చీ కోసం అక్కడ చేరతారు. మధ్యాహ్నం అయిదు రూపాయల భోజనం లైన్లో నిలబడి కరెంట్ అఫైర్స్ తిరగేస్తారు. రాత్రికి మంచానికి మంచం ఆనుకున్న గదిలో నడుం వాలుస్తారు. అన్నీ రాని డబ్బుతో చేసే జల్సాలే!

ఫిన్లాండ్ వాళ్లకు ఈ శాస్త్రం తెలియదు. 2017, 2018లలో 2,000 మంది నిరుద్యోగులకు నెలకు 560 యూరోలు నిజంగానే ఇచ్చి చూశారు. పని దొరికినా ఆ డబ్బు ఆపలేదు. పుచ్చుకున్నవాళ్లు పని మానకపోగా కాస్త ఎక్కువ రోజులే చేశారు. డబ్బిచ్చి పరీక్షిస్తే ఇలాంటి తప్పుడు ఫలితాలే వస్తాయి. మన పద్ధతే మేలు. పైసా ఇవ్వకుండానే జనం బద్ధకస్తులయ్యారని తేల్చేయొచ్చు. ఇక మిగిలింది కమిటీ వేసి రాని భృతిని రద్దు చేయడం, ఇవ్వని బకాయిలు వడ్డీతో వసూలు చేయడం.

మన అశోక్‌నగర్ కుర్రాళ్లు 2022 అక్టోబరులో గ్రూప్-1 ప్రిలిమ్స్ రాశారు. పేపర్ లీకైంది, రద్దు. 2023 జూన్‌లో మళ్లీ రాశారు. హైకోర్టు రద్దు చేసింది. 2024 జూన్‌లో మూడోసారి రాశారు. ఒకే మెట్టు మూడుసార్లు ఎక్కినవాణ్ణి సోమరి అనడానికి నోరెలా వస్తుందయ్యా? పేపర్ అమ్ముకున్నవాడా కష్టజీవి? కూలీలు రావడం లేదంటే ఇచ్చే కూలి చాలడం లేదేమోనన్న అనుమానం ఒక్క సభలోనైనా ఎవరికీ రాదేం? ముందు మాటిచ్చిన డబ్బు చేతిలో పెట్టండి. చెడిపోతారో బాగుపడతారో అప్పుడు తేల్చండి. అప్పటిదాకా నోళ్లు కట్టేసుకోండి.