సూది వేళకి అన్నం, అన్నం వేళకి సూది

మా రోజుల్లో ఆకలేస్తే తినడం అనేది లేదు, గడియారం చెబితే తినడమే. డెబ్బైల్లో, నా చిన్నప్పుడే నాకు టైప్ వన్ షుగరు వచ్చింది. అప్పటి ఇన్సులిన్ ఆవుల, పందుల క్లోమం నుంచి తీసేవారు. ఈ ముక్క మా నాయనమ్మకి ఇంట్లో ఎవరూ చెప్పలేదు, చెబితే నాకంటే ముందు ఆవిడకి డాక్టరు కావలసొచ్చేది. గాజు సిరంజిని, సూదిని పొద్దున్నే గిన్నెలో మరగబెట్టేవారు. ఫ్రిజ్ లేదు కాబట్టి ఇన్సులిన్ సీసా తడి ఇసుకలో పెట్టిన కుండలో ఉండేది.

పొద్దున వేసిన లెంటె ఇన్సులిన్ మెల్లగా రాజుకుని, మధ్యాహ్నం దాటేసరికి కొత్తల్లుడిలా విస్తరి ముందు కూర్చునేది. మన దగ్గర ఏముందో దానికి అనవసరం, పెట్టాల్సిందే. అందుకే ఎనిమిదింటికి టిఫిను, పదకొండింటికి మజ్జిగ, బిస్కెట్లు, ఒంటిగంటకి భోజనం, నాలుగింటికి మళ్ళీ ఏదో ఒకటి, పడుకోబోయే ముందు పాలు. జ్వరమొచ్చి నోరు చేదైనా సరే, వీటిలో ఒకటి తప్పితే చేతులు వణుకు, ఒళ్ళంతా చెమట.

ఇక పెళ్ళిళ్ళ సంగతి అడక్కండి. లెంటె కాక, భోజనానికని వేసే ప్లెయిన్ ఇన్సులిన్ తిండికి అరగంట ముందు వేసుకోవాలి. పెళ్ళివారి అరగంట ఎంతసేపో ఎవరికి తెలుసు? "ఇదిగో, బంతి లేస్తోంది" అంటే నమ్మి సూది వేయించుకునేదాన్ని. ఇంతలో మగపెళ్ళివారు కూర్చునేవారు, వాళ్ళయ్యాక వాళ్ళ ఊరివాళ్ళు. మా అమ్మ కొంగున పంచదార పొట్లం లేకుండా ఏ పెళ్ళికీ బయల్దేరలేదు.

షుగరు చూసుకోవడం ఇంకో తంతు. పరీక్షనాళికలో 5 మిల్లీలీటర్ల బెనెడిక్ట్ మందు పోసి, 8 చుక్కల మూత్రం వేసి, స్పిరిట్ దీపం మీద కాచాలి. నీలంగా ఉంటే బాగున్నట్టు, ఆకుపచ్చ, పసుపు దాటి ఇటుక రంగుకొస్తే ఆ పూట పప్పు, నెయ్యి నాకు కాదు. ఇంతా చేసి అది కొన్ని గంటల కిందటి సంగతే చెప్పేది. నెత్తుట్లో సుమారు 180 దాటితే తప్ప మూత్రంలో చక్కెర కనబడదు. పడిపోతున్న షుగరుని అది పట్టుకోనేలేదు.

తర్వాత 1996లో త్వరగా పనిచేసే లిస్ప్రో, 2000లో రోజంతా పనిచేసే గ్లార్జిన్ అనే ఇన్సులిన్లు వచ్చాయి. ఇప్పుడేమో రోజంతటికీ ఒక సూది, తిన్నప్పుడల్లా తిండికి తగ్గ సూది. అన్నాన్ని బట్టి ఇన్సులిన్, ఇన్సులిన్ని బట్టి అన్నం కాదు. ఇలా షుగరుని గట్టిగా అదుపులో పెడితే కళ్ళూ కిడ్నీలూ నిలుస్తాయని అమెరికాలో పెద్ద అధ్యయనం 1993లోనే తేల్చింది. ఇంత సుఖం వచ్చాక పిల్లలు ఎంత జాగ్రత్తగా ఉండాలి?

మా పక్కవాటాలో పదో తరగతి పిల్లకీ ఇదే జబ్బు. చేతికి బిళ్ళంత సెన్సరు, ఫోనులో షుగరు అంకె, అంకె పక్కన బాణం. ఇన్సులిన్ పెన్ను పొడుచుకున్న మరుక్షణం ముద్ద నోట్లో ఉంటుంది. ఎంత త్వరగా పనిచేసే మందయినా పది పదిహేను నిమిషాలు ఇవ్వద్దూ? షుగరు ముందే తక్కువుంటే వేరే మాట. ఈవిడగారికి మాత్రం ఎప్పుడూ తొందరే. బాణం పైకి తిరగ్గానే మళ్ళీ రెండు యూనిట్లు, అరగంటకి ఇంకో రెండు. "ముందు వేసిందింకా ఒంట్లోనే ఉంది తల్లీ, మూడు నాలుగు గంటలు పనిచేస్తుంది" అంటే, "ఎక్కుతోంది కదా మామ్మగారూ" అంటుంది. తర్వాత అన్నీ కలిసి ఒక్కసారి దింపుతాయి, అప్పుడు గ్లూకోజు డబ్బా కోసం పరుగు.

కొలత కూడా లేదు. వంద గ్రాముల అన్నంలో 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. మా అమ్మ ఒకే గిన్నెతో కొలిచి పెట్టేది, లెక్క తెలియకపోయినా ఏ రోజుకారోజు తేడా ఉండేది కాదు. ఈ పిల్లకి యూనిట్టుకి ఇన్ని గ్రాములని లెక్క నోటికి వచ్చు, కంచంలో ఎంత అన్నముందో తెలీదు. బిర్యానీ తిని, రెండు గంటలకి అంకె చూసి మురిసిపోతుంది. నెయ్యీ మాంసమూ అరుగుదలని వెనక్కి లాగుతాయి. అసలు ఎక్కడం అర్ధరాత్రి మొదలై, ఫోను కుయ్యిమని మా వాటాకీ నిద్ర లేకుండా చేస్తుంది.

అప్పటికీ ఇప్పటికీ మారనివాళ్ళు చుట్టాలు. అన్నం మానేసి రాగిజావ తాగమనేవాళ్ళు కొందరు, రాగుల్లో పిండి లేనట్టు. పోయిన ఆదివారం ఆ పిల్ల పెద్దత్త వచ్చి, సూది ఆపి పరగడుపున కాకరకాయ రసం పట్టమని చెబుతోంది. టైప్ వన్ వాళ్ళు అన్నం మానేసినా సూది ఆపకూడదని, ఆపితే రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుందని గోడ ఇవతల నుంచే గట్టిగా అరిచి చెప్పాను. ఆవిడకి కోపమొచ్చింది. రానీ.